సున్నా వచ్చిన చోటు

మా ఆఫీసులో నన్ను చెత్త మేడం అంటారు. వెనకాల అంటారనుకునేరు, ముందరే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనే ఫోనెత్తి "చెత్త మేడాన్ని మాట్లాడుతున్నాను" అనేస్తున్నాను, ఖుష్నుమా అన్న పేరు నాలుగుసార్లు విడమరిచి చెప్పే ఓపిక లేక.

నా పని ఇది. ఆనందపురం దాటాక కొండల వెనక ఒక పాత డంపింగ్ యార్డు ఉంది. విశాఖపట్నం ఏళ్ళ తరబడి తిని, తొడిగి, విసుగెత్తి పారేసిందంతా అక్కడ గుట్టయి కూర్చుంది. ఇప్పుడు అక్కడికి కొత్త చెత్త రావడం లేదు. యార్డు మూసేశారు. మూసేస్తే గొడవ వదిలిందనుకుంటారు జనం. వదలదు. గాలి అందని లోతుల్లో చెత్త కుళ్ళుతూనే ఉంటుంది, మీథేన్ పుడుతూనే ఉంటుంది. అన్నాలూ కూరలూ తొందరగా కుళ్ళి, తమ గ్యాస్ తాము ఇచ్చేసి చేతులు దులుపుకుంటాయి. కాగితం, గుడ్డ నిదానం. కర్ర మరీ నిదానం. వధూవరులకి పిల్లలు పుట్టి ఆ పిల్లలు కాలేజీకి వెళ్తున్నా, ఆనాటి పెళ్ళి పందిరి కర్రల తాలూకు గ్యాస్ ఇంకా కొంచెం కొంచెంగా పైకి వస్తూనే ఉంటుంది. ఏడాదికేడాది తగ్గుతుంది గానీ ఒక పట్టాన ఆగదు. పైగా భూమిని వేడెక్కించడంలో బొగ్గు పొగలో ఉండే వాయువు దీని ముందు ఎందుకూ పనికిరాదు. అందుకని గుట్ట మీద మందంగా మట్టి కప్పి, గొట్టాలు దించి, ఆ గ్యాస్‌ని పట్టి మండించాలని ప్లాను. ఎక్కడ ఎంత వస్తోందో, ఇంకెన్నేళ్ళు వస్తుందో కొలిచి చెప్పడం నా వంతు.

నాకు సాయంగా అసిరమ్మ ఉంటుంది. పక్క ఊళ్ళో వ్యవసాయ కుటుంబం. పొలం చాలక చెత్త ఏరడానికి ఈ గుట్ట ఎక్కి, ఇక్కడే జుట్టు నెరిసిపోయిన మనిషి. నేను నేల మీద స్టీలు డబ్బా ఒకటి బోర్లించి, దానికున్న సన్నటి గొట్టాన్ని మీటరుకి తగిలించి, అంకె నిలబడేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆవిడకి అది మహా వేడుక.

"ఏటి మేడమ్మా, బొచ్చె బోర్లించి దానికేసి అలాగ సూత్తన్నావు? గుడ్లెడతాదేటి?"

"నోరు మూసుకుని డబ్బా గట్టిగా నొక్కి పట్టుకో అసిరమ్మా" అంటాను. నాకు కోపమెక్కువ. ఆవిడకి నా కోపమంటే లెక్కలేదు.

గొట్టాల కోసం బోర్లు వేసినప్పుడు డ్రిల్లు లోపలి చెత్తని పొరలు పొరలుగా పైకి తెచ్చేది. పై పొరల్లో మాస్కులు, కింద క్యారీబ్యాగులు, ఇంకా కింద క్యాసెట్టు టేపు చిక్కులు, ఇంకా కింద గోళీ సోడా సీసా మెడ, కిరోసిన్ గరాటు, నా చిన్నప్పుడు ఈద్‌కి కొనుక్కున్నలాంటి రబ్బరు గాజులు. ఆ గాజులు చూడగానే ఒన్‌టౌన్‌లో మా సందూ, సోడా బండివాడి గంట, స్కూలు వదిలాక పోర్టులో ఓడ కూత వినిపిస్తే పరుగెత్తుకెళ్ళి మేడ ఎక్కడం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. చెత్తని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో. అసిరమ్మ చూడకుండా దుప్పట్టాతో తుడుచుకున్నాను.

గుట్టకి ఉత్తరం పక్కనున్న వాలుని యార్డు వాళ్ళు తుపాను వాలు అంటారు. హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో కూలిన చెట్లన్నీ లారీల్లో తెచ్చి పోసింది అక్కడే. ఆ వాలు మీదికి వెళ్ళాల్సొచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేసేదాన్ని. ఎందుకంటే ఆ చెట్లలో మాదీ ఒకటుంది.

మా అబ్బా, అంటే మా నాన్న గులాం మొహమ్మద్, ఒన్‌టౌన్‌లో కుర్చీలూ బల్లలూ చేసేవాడు. దుకాణమంటూ వేరే లేదు. ఇంటి ముందు జాగాలో ఒక బాదం చెట్టు, దాని కిందే రంపమూ చిత్రికా. ఆకులు ఎర్రబడి రాలేవి, వాటి మీద రంపప్పొట్టు పడేది, రెండూ కలిపి ఊడ్చడం నా డ్యూటీ. గబ్బిలాలు కొరికి పడేసిన కాయల్ని గుమ్మం రాయి మీద బద్దలుకొట్టి పప్పు తినేవాళ్ళం. బక్రీద్‌కి మా ఇంట్లో కుర్బానీ మాంసం వాటాలు వేసింది ఆ ఆకుల్లోనే. పోర్టు నుంచి గాలికి వచ్చిన బొగ్గు దుమ్ము ఆకుల మీద పేరుకునేది, మొదటి వాన పడ్డ రోజు చెట్టుకి మళ్ళీ రంగొచ్చేది. ఇప్పుడు రుషికొండ పక్క అపార్టుమెంట్లో ఏసీ వేసుకుని పడుకుంటాను గానీ, ఆ నీడలో చాప మీద పడిన నిద్ర మళ్ళీ నాకు పట్టలేదు.

చెట్టు అబ్బాది అని ఊరంతా అనుకునేది. అమ్మీ ఒప్పుకునేది కాదు. మా అమ్మీ జమాలున్నీసా పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన నాటి నుంచి నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ నీళ్ళని ఆ చెట్టు మొదట్లోనే పోసింది. "నా నీళ్ళు తాగి ఇంతైంది, మీ అబ్బా దాని కింద కూర్చుని బీడీలు కాల్చాడంతే" అనేది.

తుపానుకి చెట్టు కూలింది. ఇంటి మీద పడకుండా, ఎవరినీ గాయపరచకుండా, సందులోకి ఒరిగి పడుకుంది. గాలి తగ్గాక అమ్మీ బయటికొచ్చి చాలాసేపు దాని పక్కన నిలబడి, చివరికి ఒకే ఒక్క కోరిక కోరింది.

"మోకాళ్ళు వంగడం లేదు. కూర్చుని నమాజు చదువుకోవడానికి ఒక చౌకీ చేసిపెట్టు. దీంతోనే."

"దీన్ని నేను కొయ్యలేను జమాలూ" అన్నాడు అబ్బా.

"ఊళ్ళోవాళ్ళ చెట్లన్నీ కొయ్యలేదా?"

"కోశాను. వాటి నీడలో నేను కూర్చోలేదు."

అమ్మీ ఏడ్చింది, అరిచింది, అన్నం మానేసింది. అబ్బా కదల్లేదు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి కొమ్మలు కొట్టేసి, మాను మాత్రం క్రేనుతో ఎత్తి లారీలో వేశారు. అబ్బా కూడా లారీ ఎక్కి వెళ్ళాడు. పొద్దుగూకే వేళకి ఒంటి నిండా మట్టితో తిరిగొచ్చాడు.

"పారేసొచ్చావా?" అని అడిగింది అమ్మీ.

"హా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

తరవాత టేకుతో మంచి చౌకీ ఒకటి చేసిచ్చాడు. అంచులకి పూలు కూడా చెక్కాడు. అమ్మీ దాని మీద మిరపకాయలు ఎండబోసి, తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నమాజు చదువుకుంది. చెక్క విలువ తెలిసిన మనిషి, చెక్క పని చేసి మమ్మల్ని పెంచిన మనిషి, తన ఇంటి మానుని పెంట మీద పారబోసి రావడమేమిటో ఆవిడకి చచ్చినా అర్థం కాలేదు. భార్య మాట చెల్లనివ్వకూడదన్న మొండితనమేనని తేల్చుకుంది.

మూడేళ్ళ కిందట అబ్బా పోయాడు. మాలో మనిషి పోయినప్పుడు, ఎత్తే ముందు, ఇంట్లోవాళ్ళు దగ్గరికి వచ్చి కహా సునా మాఫ్ అంటారు. బతికుండగా ఒకరినొకరు అన్న మాటలూ పడ్డ మాటలూ అన్నీ క్షమించుకోవడం. అమ్మీ వంగి అందరికీ వినబడేలా అంది: "అన్నీ మాఫ్. చెట్టు తప్ప." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట అన్నప్పటి నుంచీ అమ్మీకి మనశ్శాంతి లేదు. వెనక్కి తీసుకోనూ లేదు. "ఎందుకు పారేశాడంటావు బేటీ? ఆ ఒక్కటీ తెలిస్తే అదీ మాఫ్ చేసేద్దును" అని వంట మధ్యలో, టీవీ చూస్తూ, బస్సులో కూడా అడుగుతుంది. చెప్పాల్సిన మనిషి లేడు.

ఇంక వానలు దగ్గరపడ్డాయి. తప్పించుకోవడానికి వంకలన్నీ అయిపోయాక తుపాను వాలు ఎక్కాను. అక్కడ ఎక్కడ డబ్బా బోర్లించినా అంకె బాగానే లేస్తోంది. మానులు చెత్తలో కూరుకుపోయి ఉన్నాయి కదా, అవి ఇంకా చాలా ఏళ్ళు ఇలా ఇస్తూనే ఉంటాయని రాసుకున్నాను. సరిగ్గా మధ్యకొచ్చేసరికి ఒకచోట సున్నా వచ్చింది. మా పనిలో సున్నా అంటే మీటరు పాడైందని అర్థం. గొట్టం ఊది చూశాను. బ్యాటరీ మార్చాను. పక్కకి జరిగి పెట్టాను. అక్కడా సున్నాయే. పొడవుగా పడక ఆకారంలో ఉన్న ఆ ముక్క మేర ఏమీ రావడం లేదు, దాని చుట్టూ మాత్రం గ్యాస్ బుసకొడుతోంది.

"అక్కడ రాదు మేడమ్మా" అంది అసిరమ్మ తాపీగా. "అది గోరీ."

"గోరీ ఏమిటి? చెత్త గుట్ట మీద?"

"తుపానెల్లిన నాలుగు దినాలకి. లారీలు సెట్లే సెట్లు తెచ్చి పోత్తన్నాయి. నాను కింద రేకు ముక్కలేరుకుంతన్నాను. పైకి సూద్దును కదా, ఒక సాయిబు. లారీవోల్లు గొయ్యి కొండమట్టేసి పూడ్సీసి అప్పుటికే ఎల్లిపోనారు. పక్కన కూకుని సేతులిలాగట్టుకుని ఒకటే ఏడుపు. సెవిలో పెన్సిలు తియ్యనేదు, పనిలోంచే పరిగెట్టుకొచ్చినట్టున్నాడు. సేతిలో కొలత టేపు. ఆ మట్టి కుప్ప ఎంత పొడుగున్నాదంటే, ఒక్క మనిసిదైతే కాదు. పెళ్ళాం బిడ్డలందరూ తుపాన్లో పోనారు కావాల, అందర్నీ ఒక్కదగ్గరే పెట్టీసినాడనుకున్నాం. ఆ దినాలు అలాంటియి కదమ్మా. మరి కాణ్నుంచి ఒక్క లారీని దాని మీదకి రానిచ్చినానేటి? రాళ్ళెట్టి కొట్టినాను డ్రైవర్లని. నాతోపాటి సెత్త ఏరీ తవిటమ్మా నానూ గురువారం గురువారం ఊదొత్తి ఎలిగిత్తాం."

నాకు ఏదో ఒకటి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. సున్నా ఎందుకొచ్చిందో తేలిపోయిందన్న సంబరంలో ఉన్నాను. కింద మట్టే ఉంది, చెత్త పడనే లేదు, కాబట్టి గ్యాస్ లేదు. చక్కగా రాసుకున్నాను.

సంబరం సాయంత్రం దాకా కూడా లేదు. మట్టి కప్పే పొక్లెయిన్ నడిపే ఎల్లారావు గోరీ మాట విని బండి దిగిపోయాడు. "నాను సచ్చినా ఎక్కించను సార్, ఇంట్లో సిన్న పిల్లలున్నారు" అని సైట్ ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారికి తాళం ఇచ్చేశాడు. శ్రీరామ్మూర్తి గారికి చెమటలు పట్టాయి. సమాధి అని తేలితే పని ఆపాలి. ఎవరిదో తేలాలి, పోలీసులు రావాలి, ఈలోగా వాన పడితే కప్పని వాలు జారుతుంది. చివరికి నా దగ్గరకొచ్చారు.

"మేడం, మీవాళ్ళది కదా, మీరే కాస్త కనుక్కోండి."

"మావాళ్ళంటే ఎవరు సార్? మా ఇంట్లోవాళ్ళా?" అని కసిరాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. ఊళ్ళో ఏ టోపీ ఎగిరిపోయినా నన్నే పిలుస్తారు, అదొక చిరాకు నాకు.

ఇంటికొచ్చి ఆ చిరాకంతా అమ్మీ ముందు కక్కాను. అమ్మీ వంటింట్లో కింద కూర్చుని చేపలు కడుగుతోంది. మేం ఇంట్లో ఉర్దూ తెలుగూ కలగలిపి మాట్లాడుకుంటాం. సాయిబు ఏడుపూ, పొడుగు గోరీ, కొలత టేపూ, ఎల్లారావు పారిపోవడమూ, అన్నీ అభినయించి మరీ చెప్పాను. అమ్మీ నవ్వుతుందనుకున్నాను.

"టేపుతో కొలిచాడా?" అంది చేప ముక్క చేతిలో అలాగే పట్టుకుని.

"టేపుందట చేతిలో. చెవిలో పెన్సిలట."

"ఏ చెవిలో?"

"నాకేం తెలుసు అమ్మీ?"

"ఫోన్ చేసి అడుగు."

అసిరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించుకుని, "ఎడం సెవి" అంది. అబ్బాది ఎడమచేతి వాటం. నేను ఫోన్ పెట్టేసి అమ్మీ వైపు చూసే ధైర్యం చెయ్యలేకపోయాను. నాకు వచ్చిన సున్నా, నేను కసిరిన మాట, లారీ ఎక్కి వెళ్ళిన అబ్బా, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. అమ్మీ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళు" అంది.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి ఆఫీసు జీపులో తీసుకెళ్ళాను. మోకాళ్ళు పట్టుకుంటూ, నా భుజం పట్టుకుంటూ వాలు ఎక్కింది. ఎంత వాసన వేసినా ముక్కు మూసుకోలేదు. అసిరమ్మ అప్పటికే అక్కడ ఊదొత్తి గుచ్చుతోంది.

"ఎవులు మేడమ్మా ఈయమ్మ?"

"ఆ సాయిబు భార్యని నాను" అంది అమ్మీయే, బయటివాళ్ళతో మాట్లాడే యాసలో.

అసిరమ్మ చేతిలో అగ్గిపెట్టె కింద పడింది. "నువ్వు బతికే ఉన్నావేటప్పా! ఇన్నేళ్ళ మట్టీ నీకే ఊదొత్తులెలిగిత్తన్నాను కదే!"

అమ్మీకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. అబ్బా పోయాక ఆవిడ అంత నవ్వడం నేను చూడలేదు. అసిరమ్మ కూడా నవ్వుతూ, "మరి పిల్లలో?" అనడిగింది.

"ఇదొక్కత్తే. ఇదిగో, ఇదీ బతికే ఉంది" అని అమ్మీ నా వీపు మీద చరిచింది.

ఇద్దరూ ఆ మట్టి పక్కనే చతికిలబడ్డారు. అమ్మీ ఏమీ దాచుకోకుండా చెట్టు సంగతంతా చెప్పింది. అసిరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది.

"సెట్టా! సెట్టుకా అంత ఏడిసినాడు?" అంటూ కింద పడ్డ అగ్గిపెట్టె తీసుకుంది. తరవాత అంది: "ఏడాదికోపాలి వచ్చీవోడప్పా. వానలెల్లిపోనాక. బిస్కట్లట్టుకొచ్చి మా అందరికీ ఎట్టీవోడు. ఒకపాలి నానడిగినాను, బాబూ ఇందల ఎవులున్నారని. 'చెబితే నవ్వుతారమ్మా' అన్నాడు. మనిసి పోతే నవ్వీదెవులని నాను మరి అడగనేదు."

అమ్మీ ఆ మట్టి కుప్పని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. ఎండ ఎటుందో చూసింది. కుప్ప ఉత్తరం నుంచి దక్షిణానికి సరిగ్గా గీత గీసినట్టుంది. మావాళ్ళని పడుకోబెట్టేది అలాగే, మొహం పడమటికి, కాబా వైపు తిరిగేలా.

"ఖిబ్లా చూసి పెట్టాడు" అంది. "టేపుతో గీత పట్టి మరీ. పిచ్చి మనిషి. మసీదులో పేష్ ఇమాం గారికి తెలిస్తే చెట్టుకి కబరేంటని చీవాట్లు పెట్టేవారు." నా వైపు తిరిగి అడిగింది, "నాకు చెబితే నేను నవ్వేదాన్నా?"

అబద్ధం ఆడాలనిపించలేదు. "నవ్వేదానివే అమ్మీ. సందంతా చెప్పి నవ్వేదానివి."

"అవును. నవ్వేదాన్నే" అంది. "రాత్రికి పక్క మీద ఏడ్చేదాన్ని. అది ఆయనకి తెలీలేదు చూడు, అన్నేళ్ళు కాపురం చేసి." కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

ఈలోగా శ్రీరామ్మూర్తి గారు వచ్చారు. మనిషి సమాధి కాదని ఆయన కళ్ళతో చూసి రాసుకోవాలి. తవ్వక తప్పదని చాలా మొహమాటపడుతూ చెప్పారు. అమ్మీకి మాత్రం ఆ మాటతో కొత్త ఆశ పుట్టింది.

"తవ్వండి. ఉంటే నా మాను నాకిచ్చెయ్యండి. చౌకీ చేయించుకుంటాను."

ఎల్లారావు ఇంకా దూరంగానే నిలబడ్డాడు. అమ్మీ లేచి అతని దగ్గరికెళ్ళి, అందరూ వినేలా అంది: "బాబూ, లోపల మనిసి నేడు. మా ఇంటి బాదం చెట్టున్నాది. పెట్టింది మా ఆయన. నాను చెప్తన్నాను." ఎల్లారావు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని బండెక్కాడు. బకెట్టుని కూరలో గరిటె తిప్పినంత నెమ్మదిగా తిప్పాడు.

పై మట్టి పోయింది. కింద ఇంకా మట్టి. ఇంకా కిందకి వెళ్ళేసరికి నల్లగా, గుల్లగా, పొడిపొడిగా వచ్చింది. చెదల గూళ్ళు కనిపించాయి. ముడి లాంటి ముక్క ఒకటి దొరికితే అమ్మీ ఆత్రంగా తీసుకుంది. అది ఆవిడ వేళ్ళ మధ్యే పిండయిపోయింది. మాను లేదు. ఎక్కడా లేదు. అదే గోతి పక్క గోడలో, చెత్తలో చిక్కుకున్న ఎవరివో చెట్ల మొండేలు నల్లగా తడిసి, గట్టిగా, నిక్షేపంగా బయటపడ్డాయి. అమ్మీ వాటినీ, తన చేతిలో పిండినీ మార్చి మార్చి చూసింది.

"ఇదేం న్యాయం? పారేసినవాళ్ళ చెట్లున్నాయి. నాది లేదు."

నాకు తెలిసినదే చెప్పాను. చెత్తలో గాలాడదు. చెద చేరదు. అందుకే అవి అలా ఉండిపోయి, ఎన్నో ఏళ్ళ పాటు కొద్దికొద్దిగా గ్యాస్ వదులుతూ ఉంటాయి. అబ్బా దీనికి శుభ్రమైన మట్టి పెట్టాడు. మట్టిలో గాలీ నీళ్ళూ చెదలూ ఉంటాయి. అడవిలో పడిపోయిన చెట్టు ఏమవుతుందో ఇదీ అదే అయింది. "మట్టయిపోయింది అమ్మీ. సవ్యంగా" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

శ్రీరామ్మూర్తి గారు ఊపిరి పీల్చుకున్నారు. ఫొటోలు తీసుకున్నారు. "అయితే కప్పేద్దాం ఎల్లారావ్" అన్నారు. పొక్లెయిన్ మట్టి ఎత్తింది.

"ఆగు బాబూ" అంది అమ్మీ.

మోకాళ్ళ నొప్పి మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గోతిలోకి జారుతూ దిగింది. నేను కంగారుగా ముందుకెళ్ళాను. అసిరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మాలో ఆడవాళ్ళు కబరస్తాన్‌కి, పూడ్చే చోటికి, వెళ్ళరు. అబ్బా జనాజా లేచినప్పుడు మగవాళ్ళంతా భుజాలు మార్చుకుంటూ సందు మలుపు తిరిగిపోయారు. అమ్మీ గుమ్మం దగ్గర ఆగిపోయింది, ఆవిడ వెనక నేను. దూరపు చుట్టాలు, పోర్టు కూలీలు, అబ్బా దగ్గర ఒక స్టూలు కొనుక్కున్నవాడు కూడా ఆయన మీద మూడేసి గుప్పిళ్ళ మట్టి వేసి వచ్చారు. నలభై ఏళ్ళు వండిపెట్టిన మనిషి వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ, ఆ రోజు గుమ్మంలో ఎంత కోపమొచ్చిందో నాకు తెలుసు.

అమ్మీ తల మీద కొంగు సర్దుకుని వంగి ఒక గుప్పెడు మట్టి తీసి వేసింది. పెదవులు కదిలాయి, మట్టి వేసేటప్పుడు చదివేది చదువుతోంది. రెండో గుప్పెడు వేసింది. మూడోది వేస్తూ, "చెట్టు కూడా మాఫ్" అంది, పక్కింటావిడతో మాట్లాడుతున్నంత మామూలుగా.

అసిరమ్మ గట్టు మీద నుంచి వంగి అడిగింది. "సెట్టుకేనేటప్పా ఏత్తన్నావు?"

"మా ఆయనకి" అంది అమ్మీ. "ఆ దినం నన్ను రానియ్యనేదు కదా. నువ్వూ దిగు అసిరమ్మా, ఇన్నేళ్ళు చూసుకున్నది నువ్వే."

తరవాత తలెత్తి నా వైపు చూసింది. "నువ్వేంటి అలా నిలబడ్డావు? రా. మీ అబ్బాకి మట్టి వెయ్యి."

నేను మీటరు శ్రీరామ్మూర్తి గారి చేతిలో పెట్టి గోతిలోకి దిగాను.